ఫోల్సమ్ లేక్ కాలేజీ: తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోకు తూర్పున, అమెరికన్ నది ఒడ్డున, దాదాపు 80 వేల జనాభాతో ఉన్న చిన్న నగరం ఫోల్సమ్. బయటివారికి ఈ ఊరి పేరు 1880లో తెరిచిన జైలు వల్ల తెలుసు. మనవారికి మాత్రం 1984లో ఇక్కడ క్యాంపస్ పెట్టిన ఇంటెల్ వల్ల తెలుసు. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పన్నెండో తరగతికి చేరేసరికి, ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ గురించి ఒకే రకమైన సందేహాలు ఏటా వస్తూనే ఉంటాయి. మా పిల్లలిద్దరూ ఇక్కడే రెండేసి సంవత్సరాలు చదివారు కాబట్టి ఆ సందేహాలు మా ఇంటికి చేరడం అలవాటయింది. వాటికి ఇచ్చిన సమాధానాలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఫీజుల అంకెలు 2025-26 విద్యా సంవత్సరానివి.

కమ్యూనిటీ కాలేజీ అంటే అసలు ఏమిటి? ఇంటి దగ్గర చెబితే ఎవరికీ అర్థం కావడం లేదు.

అర్థం కాకపోవడంలో వారి తప్పేమీ లేదు. మన ప్రాంతంలో "కమ్యూనిటీ" అనగానే గుర్తొచ్చేది కులధ్రువీకరణ పత్రం. మా నాన్నగారికి ఫోన్‌లో ఈ మాట చెప్పినప్పుడు "మనవాళ్లు అక్కడ కూడా కాలేజీ పెట్టారా?" అని అడిగారు. పూర్వం వీటిని అమెరికాలో జూనియర్ కాలేజీలు అనేవారు, కానీ ఆ పేరు చెబితే ఇంటర్మీడియట్ అనుకుంటారు కాబట్టి చిక్కు ఇంకా ముదురుతుంది. నిజానికి ఇది డిగ్రీ చదువులోని మొదటి రెండేళ్లను తక్కువ ఖర్చుతో చెప్పే ప్రభుత్వ కళాశాల. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి సగం ఇక్కడ పూర్తిచేసి, మిగతా సగానికి విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరం విద్యార్థిగా చేరవచ్చు. లేదా వృత్తి శిక్షణ పొంది సర్టిఫికెట్‌తో నేరుగా ఉద్యోగానికి వెళ్లవచ్చు.

కాలిఫోర్నియాలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. ఫోల్సమ్ లేక్ కాలేజీ వాటిలో చిన్నదే. 2004లో స్వతంత్ర కళాశాలగా గుర్తింపు పొందిన ఇది, లాస్ రియోస్ అనే కమ్యూనిటీ కాలేజీల జిల్లా (ఒకే పాలన కింద ఉన్న కాలేజీల సమూహం) లోని నాలుగు కాలేజీలలో వయసులో అన్నిటికంటే చిన్నది. శాక్రమెంటో సిటీ, అమెరికన్ రివర్, కొసమ్నస్ రివర్ అనేవి మిగతా మూడు. ఈ నాలుగింటికీ విద్యార్థి ఖాతా ఒక్కటే, ఫీజు ఒక్కటే. ఇక్కడ దొరకని క్లాసును అమెరికన్ రివర్‌లో తీసుకోవడానికి మళ్లీ ప్రవేశం పొందనవసరం లేదు. చిన్న కాలేజీకి ఉండే పెద్ద లోటు కోర్సులు తక్కువగా ఉండటం కాబట్టి, ఈ వెసులుబాటు విలువ తెలుసుకోవాలి.

మొత్తం ఖర్చు ఎంత అవుతుంది?

రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (క్లాసు బరువును కొలిచే లెక్క) 46 డాలర్లు. 2012 వేసవి నుంచి ఈ అంకె మారలేదు. ఒక క్లాసు సాధారణంగా మూడు నుంచి ఐదు యూనిట్లు ఉంటుంది, సెమిస్టర్‌కు 12 యూనిట్లు తీసుకుంటే పూర్తికాల విద్యార్థి కింద లెక్క. ట్రాన్స్‌ఫర్‌కు, అంటే విశ్వవిద్యాలయానికి మారడానికి, కావలసిన 60 యూనిట్లకు కలిపి 2,760 డాలర్లు అవుతుంది. కాల్ స్టేట్ విశ్వవిద్యాలయాలలో ఒక్క ఏడాది ట్యూషనే 6,450 డాలర్లు, యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) దానికి రెట్టింపు పైమాట. అక్కడ హాస్టల్, భోజనం ఖర్చు తరచుగా ట్యూషన్‌నే మించిపోతుంది. ఇక్కడ పిల్లవాడు ఇంట్లోనే ఉండి పప్పన్నం తిని వెళ్లివస్తాడు.

1984కు ముందు ఈ కాలేజీలలో అసలు ఫీజే లేదు. ఆ పాత ఆలోచన ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ పేరిట యూనిట్ ఫీజు మాఫీ అవుతుంది. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లలు ఫాఫ్సా అనే కేంద్ర ప్రభుత్వ సహాయ దరఖాస్తు నింపితే, ఆదాయాన్ని బట్టి ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్ల పెల్ గ్రాంటు కూడా రావచ్చు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సహాయం ఏదీ రాదు.

మేము హెచ్-1బి, పిల్లలు హెచ్-4. మాకు 46 డాలర్ల ఫీజు వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కాని అడగకుండా వర్తించకపోవచ్చు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి, ఎందుకంటే బిల్లు రెండు వేలా, ఇరవై వేలా అన్నది ఇక్కడే తేలుతుంది.

రాష్ట్రంలో స్థిరనివాసం ఏర్పరచుకోవడానికి అడ్డు రాని వీసా ఉన్నవారిని కాలిఫోర్నియా నివాసులుగా లెక్కించవచ్చు. హెచ్-1బి, దాని మీద ఆధారపడిన హెచ్-4, కంపెనీ బదిలీ మీద వచ్చినవారి ఎల్-1, వారి కుటుంబానికి ఇచ్చే ఎల్-2 వీసాలు అలాంటివి. విద్యార్థి వీసా ఎఫ్-1, సందర్శకుల వీసా బి-2 అలాంటివి కావు. వీసా సరైనదైనప్పటికీ రెండు విషయాలు చూపాలి: సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకు ఏడాదికి పైగా ఇక్కడ ఉంటున్నారని ఒకటి, ఇక్కడే ఉండాలన్న ఉద్దేశం ఉందని మరొకటి. ఇంటి అద్దె ఒప్పందం, రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్, డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్ వంటివి రెండో దానికి ఆధారాలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు సాధారణంగా తల్లిదండ్రుల నివాసమే వర్తిస్తుంది.

మాకు తెలిసిన ఒక అమ్మాయి ఆన్‌లైన్ దరఖాస్తులో వీసా గడి దగ్గర పొరపాటున ఎఫ్-1 నొక్కేసింది. వాళ్ల నాన్నగారు బిల్లు తెరిచి చూసి కుర్చీలో కూలబడ్డారు. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా పత్రాలు, పన్ను కాగితాలు పట్టుకుని వెళ్లి సరిచేయించుకునేసరికి వారం పట్టింది. ఆ కాగితాలన్నీ ఒక కవర్‌లో పెట్టుకుని, ఫీజు కట్టే ముందే అడ్మిషన్ల కార్యాలయానికి వెళ్లడం మంచిది.

మేము డాలస్ నుంచి పోయిన అక్టోబర్‌లో వచ్చాము. మా సంగతి?

ఆగస్టు చివర మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు మీకు ఏడాది నిండదు, కాబట్టి ఆ ఒక్క సెమిస్టర్‌కు పరరాష్ట్ర విద్యార్థి ఫీజు పడుతుంది, అది యూనిట్‌కు వందల డాలర్లలో ఉంటుంది. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కు ఏడాది నిండుతుంది. అయితే మీ హోదా దానంతట అదే మారిపోదు, మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. తొందర లేని కుటుంబాలు ఆ ఫాల్‌లో ఒకటి రెండు క్లాసులతో సరిపెట్టుకుని జనవరి నుంచి పూర్తిగా చదివిస్తాయి. హెచ్-4 పిల్లలకు పూర్తికాలం చదివి తీరాలన్న నిబంధన లేదు కాబట్టి ఇది కుదురుతుంది.

అబ్బాయికి ఇరవై ఒకటి నిండితే ఏమవుతుంది?

ఆ రోజుతో హెచ్-4 హోదా ముగుస్తుంది. గ్రీన్ కార్డు వరుస దశాబ్దాల తరబడి కదలని మన కుటుంబాలలో అందరినీ నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. పిల్లవాడు అప్పటికే ఎఫ్-1కు మారి ఉండాలి, మారిన తర్వాత ఇక్కడ నివాసి ఫీజు పోతుంది, కనీసం 12 యూనిట్లు తప్పనిసరి అవుతాయి. అందుచేత, పద్దెనిమిది నిండిన నాటి నుంచి ఇరవై ఒకటి వరకు ఉన్న కాలంలో తక్కువ ఫీజుకు ఎన్ని యూనిట్లు పూర్తిచేయగలరో ముందే లెక్క వేసుకోవాలి. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగవలసిన మాట. కాలేజీ కౌన్సిలర్‌ను గాని, వాట్సాప్ గ్రూపును గాని కాదు.

ప్రవేశ పరీక్ష ఉందా? మార్కులు ఎంత ఉండాలి?

ప్రవేశ పరీక్ష లేదు. హైస్కూల్ పూర్తయినా, పద్దెనిమిదేళ్లు నిండినా చేరవచ్చు. ఎస్‌ఏటీ అడగరు, ర్యాంకు లేదు. మన ఎంసెట్ తరానికి ఇది నమ్మశక్యంగా ఉండదు, "అందరినీ చేర్చుకునేది ఏం కాలేజీ" అన్న చులకన అక్కడే పుడుతుంది. చేరడం తేలిక, నిలబడటం తేలిక కాదు. పూర్వం గణితం, ఇంగ్లిష్‌లకు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి చాలామందిని వెనకటి తరగతుల్లో కూర్చోబెట్టేవారు, 2017లో వచ్చిన ఏబీ 705 చట్టంతో ఆ పద్ధతి పోయి, హైస్కూల్ గ్రేడులను బట్టి నేరుగా డిగ్రీ స్థాయి క్లాసులో చేరే అవకాశం వచ్చింది. నర్సింగ్ వంటి కొన్ని కోర్సులకు మాత్రం ముందుగా చదవవలసిన సబ్జెక్టులు ఉంటాయి, సీట్లు పరిమితం, పోటీ తీవ్రం.

హైస్కూల్‌లో ఉండగానే ఇక్కడ క్లాసులు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. స్కూలు అనుమతి ఉండి, సెమిస్టర్‌కు 11 యూనిట్లు మించకపోతే యూనిట్ ఫీజు కూడా ఉండదు. అయితే మనవాళ్లు దీన్ని ఉచితంగా దొరికిన ట్యూషన్‌లా చూసి, పదో తరగతి పిల్లలను వేసవిలో రెండేసి క్లాసులకు తోసేస్తుంటారు. ఆ గ్రేడు శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉండిపోతుందనీ, పదిహేనేళ్ల వయసులో వచ్చిన డి గ్రేడు, ఐదేళ్ల తర్వాత యూసీ దరఖాస్తులో కూడా కనిపిస్తుందనీ చేర్చే ముందు గుర్తుంచుకోవాలి.

ఇక్కడి నుంచి యూసీకి, కాల్ స్టేట్‌కు మారడం నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది. యూసీలో మధ్యలో చేరే విద్యార్థులలో అత్యధికులు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవారే. అయితే అది దానంతట అది జరిగేది కాదు, మొదటి సెమిస్టర్‌లో ఎంచుకున్న క్లాసుల నుంచే మొదలవుతుంది.

మా పెద్దవాడి అనుభవం చెబుతాను. ఇంజినీరింగ్ అనుకుని చేరాడు. మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రోజున "కాల్క్యులస్" అన్న మాట చూసి, సమయం అనుకూలంగా ఉందని ఒక క్లాసు పట్టాడు. మేమూ సంతోషించాము. అది వ్యాపారశాస్త్ర విద్యార్థుల కోసం పెట్టిన కాల్క్యులస్, ఇంజినీరింగ్‌కు పనికిరాదు. "ఎ" గ్రేడు వచ్చిందని మేము చుట్టాలకు గొప్పగా చెప్పుకున్న ఆ క్లాసు వల్లే ఫిజిక్స్ వరుస మొత్తం ఒక సెమిస్టర్ వెనక్కి జరిగింది. ఫిజిక్స్‌కు ముందు అసలు కాల్క్యులస్ కావాలి, రెండో ఫిజిక్స్‌కు మొదటిది కావాలి. గొలుసులో ఒక లంకె జారితే మిగతావన్నీ జారతాయి. ఎవరినీ అడగకపోవడం మా తప్పే.

దీనికి విరుగుడు అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు. అందులో కాలేజీ పేరు, చేరాలనుకునే విశ్వవిద్యాలయం పేరు, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పేరు ఇస్తే, ఇక్కడి ఏ క్లాసు అక్కడి ఏ క్లాసుకు సమానమో పక్కపక్క వరుసల్లో చూపిస్తుంది. రెండు మూడు విశ్వవిద్యాలయాల పట్టికలను ముద్రించి, అన్నిటిలో ఉన్న క్లాసులకు గుర్తు పెట్టుకుని, ఆ కాగితాలతో కౌన్సిలర్ దగ్గరకు వెళ్లాలి. ఖాళీ చేతులతో వెళ్లినవారికి అరగంటలో సాధారణ సలహా దొరుకుతుంది, కాగితాలతో వెళ్లినవారు ఏ సెమిస్టర్‌లో ఏ క్లాసో చూపే ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకుని వస్తారు. మేజర్ ఏదైనా అందరూ సాధారణ విద్య కింద చదవవలసిన సబ్జెక్టులకు 2025 ఫాల్ నుంచి యూసీకీ, కాల్ స్టేట్‌కూ కలిపి కాల్-గెట్సీ అనే ఒకే పట్టిక వచ్చింది, కాబట్టి అంతకుముందు చదివిన అన్నయ్యలు, అక్కయ్యలు చెప్పే వరుసలను యథాతథంగా పాటించకూడదు. కోర్సుల సంఖ్యలు కూడా మారుతున్నాయి. రాష్ట్రమంతటా ఒకే కోర్సుకు ఒకే సంఖ్య ఉండాలని ఇంగ్లిష్ సి1000 వంటి కొత్త పేర్లు వచ్చాయి.

హామీ ఉన్న దారులు రెండున్నాయి. 2010 నాటి చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) పూర్తిచేస్తే కాల్ స్టేట్ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, కోరిన క్యాంపసే వస్తుందన్న హామీ మాత్రం కాదు. రెండోది ట్యాగ్. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు యూసీ క్యాంపస్‌లలో ఏదో ఒకదానికి, నిర్ణయించిన గ్రేడులు, క్లాసులు ఉంటే ముందే సీటు హామీ ఇస్తారు. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఈ పథకంలో లేవు. ఉన్నవాటిలోనూ అన్ని మేజర్లూ ఉండవు, ఉదాహరణకు శాంటా బార్బరాలో ఇంజినీరింగ్ కాలేజీకి ఇది వర్తించదు. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే ఉంటుంది. ఆ వేసవి ముగిసేసరికి కనీసం 30 యూనిట్లు పూర్తయి ఉండాలి. అంటే రెండేళ్లలో మారాలనుకునేవారు మొదటి ఏడాదిని నిదానంగా గడిపే వీలు లేదు. ట్యాగ్ పెట్టినా, యూసీ సాధారణ దరఖాస్తు విడిగా పెట్టి తీరాలి. ఈ రెండోది మరచిపోయి ఏడాది పోగొట్టుకున్నవారు ఉన్నారు.

చివరికి డిగ్రీ పట్టా మీద ఏ పేరు ఉంటుంది? రేపు సంబంధాలు చూసేటప్పుడు…

పట్టా ఇచ్చేది మీ అబ్బాయి చదువు పూర్తిచేసిన విశ్వవిద్యాలయం కాబట్టి దాని పేరే ఉంటుంది. మొదటి రెండేళ్లు ఎక్కడ చదివాడన్నది పట్టా మీద రాయరు. యూసీలో చేరాక యూనిట్లు వెంట వస్తాయి గాని గ్రేడుల సగటు మళ్లీ సున్నా నుంచి లెక్కిస్తారు. సంబంధాల సంగతి నేను చెప్పలేను గాని, అప్పు లేకుండా డిగ్రీ పూర్తిచేసిన కుర్రవాడిని కాదనే మామగారు ఉంటే ఆ సంబంధం వదులుకున్నా నష్టం లేదు.

మేము తల్లిదండ్రులం. మార్కులు మాకు చెప్పరా?

చెప్పరు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, అతనికి పదహారేళ్లయినా సరే. విద్యార్థి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే మీతో మాట్లాడవచ్చు. పేరెంట్ మీటింగులు లేవు, ప్రోగ్రెస్ కార్డు ఇంటికి రాదు. తండ్రి ఫోన్ చేసి కొడుకు గురించి అడిగితే ఎంత మర్యాదగా సమాధానం నిరాకరిస్తారో నేను స్వయంగా చవిచూశాను.

కావలసిన క్లాసు నిండిపోయింది. ఇప్పుడేం చేయాలి?

వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, మొదటి రోజు తప్పకుండా క్లాసుకు వెళ్లి కూర్చోవాలి. నమోదు చేసుకుని రానివారి సీట్లను అధ్యాపకులు ఆ రోజే ఎదురుచూస్తున్నవారికి ఇస్తుంటారు. నాలుగు కాలేజీలలోనూ అదే కోర్సు కోసం వెతకాలి. ఓరియెంటేషన్, ఎడ్యుకేషన్ ప్లాన్ ముందే పూర్తిచేసినవారికి రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా వస్తుంది కాబట్టి, అసలు ఈ అవస్థ రాకుండా చూసుకోవడమే మేలు.

పుస్తకాలకు ఎంత అవుతుంది?

ఫీజు కంటే పుస్తకాలకే ఎక్కువైన సెమిస్టర్లు మా ఇంట్లో ఉన్నాయి. పుస్తకాల ఖర్చు లేని క్లాసులను షెడ్యూలులో గుర్తుతో చూపాలని 2016 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది, రిజిస్ట్రేషన్ సమయంలో ఆ గుర్తు చూసి ఎంచుకోండి. రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలను చాలామంది అధ్యాపకులు వాడుతున్నారు, అవి ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం.

కారు లేకుండా వెళ్లిరావచ్చా?

కష్టపడితే వెళ్లిరావచ్చు. విద్యార్థి ఫీజులోనే శాక్రమెంటో బస్సులకు, లైట్ రైలుకు పాసు కలిసి ఉంటుంది. గోల్డ్ లైన్ రైలు చివరి స్టేషన్ పాత ఫోల్సమ్‌లో ఉంది, అక్కడి నుంచి కాలేజీకి బస్సు పట్టాలి. సాయంత్రం క్లాసులు ఉన్నవారు తిరుగు బస్సు సమయం చూసుకునే నమోదు చేసుకోవాలి. రాంచో కార్డోవాలోనూ ప్లాసర్‌విల్‌లోనూ కాలేజీకి శాఖలున్నాయి, మీ క్లాసు ఎక్కడ ఉందో షెడ్యూలులో చూసుకోకపోతే మొదటి రోజు ఖాళీ గది ముందు నిలబడవలసి వస్తుంది.

నాకు నలభై ఏళ్లు, హెచ్-4 మీద ఇంట్లో ఉంటున్నాను. ఈ వయసులో ఎవరైనా చేరతారా?

నిరభ్యంతరంగా చేరతారు. సాయంత్రం అకౌంటింగ్ క్లాసులో మీ పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడూ, ఉద్యోగం మారాలనుకునే యాభై ఏళ్ల ఆవిడా కూర్చుంటారు. హెచ్-4 మీద చదవడానికి వేరే అనుమతి అవసరం లేదు, పని చేయడానికి మాత్రం ఈఏడీ అనే ఉద్యోగ అనుమతి పత్రం కావాలి. మా ఆవిడ పద్దెనిమిదేళ్ల విరామం తర్వాత ఒక్క స్టాటిస్టిక్స్ క్లాసుతో మొదలుపెట్టింది. మొదటి క్విజ్ ముందు రాత్రి వంటింటి గట్టు మీద కాలిక్యులేటర్, పోపుల డబ్బా పక్కపక్కన ఉండేవి.

ఇండియా నుంచి నేరుగా ఎఫ్-1 మీద ఇక్కడికి రావచ్చా?

రావచ్చు. యూసీలో నాలుగేళ్లు చదవడం కంటే ఖర్చు తక్కువే గాని, "46 డాలర్ల కాలేజీ" అనుకుని రావద్దు. అది నివాసుల ఫీజు, ఎఫ్-1 విద్యార్థి ఎన్నాళ్లున్నా నివాసి కాడు. సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకు వస్తుంది. రెండేళ్ల డిగ్రీ తర్వాత ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) ఉంటుంది గాని, సైన్స్, ఇంజినీరింగ్ వంటివి చదివినవారికి ఇచ్చే స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్ లేదా ఆపై డిగ్రీ ఉన్నవారికే. కాలేజీకి హాస్టల్ లేదు, గది, వంట మీరే చూసుకోవాలి.

మా అత్తయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఇంగ్లిష్ క్లాసులో చేర్పించవచ్చా?

బి-2 సందర్శకుల వీసా మీద ఉన్నవారు డిగ్రీకో సర్టిఫికెట్‌కో లెక్కకు వచ్చే కోర్సులో నమోదు కాకూడదు, ఫీజు లేని ఇంగ్లిష్ క్లాసైనా చేర్పించే ముందు కాలేజీని అడగాలి. కాని ఆవరణలో నడవడానికి వీసా అడ్డు కాదు. క్యాంపస్‌లోని హారిస్ సెంటర్‌లో నృత్య, సంగీత కార్యక్రమాలు టికెట్టు కొనుక్కుని ఎవరైనా చూడవచ్చు. మా అత్తయ్యగారు మనవడి క్లాసు అయ్యేదాకా ఓక్ చెట్ల కింద బెంచీ మీద కూర్చుని జపమాల తిప్పుకునేవారు.